మాంద్యం ఏ దారిన వస్తుంది? – ప్రపంచీకరణ, వ్యాపార చక్రాలు

2008 సెప్టెంబరు 15న న్యూయార్కులో లేమాన్ బ్రదర్స్ అనే పెట్టుబడి బ్యాంకు దివాలా తీసింది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఆ బ్యాంకుతో లావాదేవీ ఉన్నవారు ఎవరూ ఉండి ఉండరు. అయినా కొద్ది నెలల్లోనే ఆ వార్త వేరే రూపాల్లో కొన్ని ఇళ్లకు చేరింది. పక్కనే ఉన్న మరికొన్ని ఇళ్లకు అసలు చేరనే లేదు. ఒకే వీధిలో ఈ తేడా ఎందుకు వచ్చింది? ఈ పాఠంలో మనం తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే.

బిలాస్‌పూర్‌నే ఎందుకు తీసుకున్నానో చెబుతాను. ఈ ఊరు 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. ఊళ్లోంచి సీపత్ వెళ్లే రోడ్డు మీద లింగియాడీహ్ అనే పేట ఉంది. బొగ్గు తవ్వే సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ సంస్థ ప్రధాన కార్యాలయం కూడా ఆ రోడ్డు మీదే. అదే దారిలో ఇంకా ముందుకు వెళితే 2,980 మెగావాట్ల సీపత్ థర్మల్ విద్యుత్ కేంద్రం వస్తుంది. అంటే గని, రైలు, కరెంటు మూడూ ఒక్కచోట కనిపించే ప్రాంతమన్నమాట. తెలుగువారికి ఈ ఊరు కొత్త కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ బిలాస్‌పూర్ మీదుగా నాగపూర్–అసన్సోల్ లైనును 1891లో తెరిచింది. ఉత్తరాన కటక్ నుంచి దక్షిణాన వాల్తేరు దాకా ఉన్న తూర్పు తీరపు లైను 1902లో అదే కంపెనీ చేతికి వచ్చింది. ఆ పట్టాల వెంటే ఉద్యోగాల కోసం తెలుగు కుటుంబాలు ఇక్కడికి చేరాయి.

ముందు వ్యాపార చక్రం అంటే ఏమిటో చూద్దాం. ఒక దేశంలో ఉత్పత్తి, ఉద్యోగాలు, అమ్మకాలు, పెట్టుబడులు ఎప్పుడూ ఒకే వేగంతో పెరగవు. కొంతకాలం అన్నీ కలిసి పుంజుకుంటాయి. తరువాత అన్నీ కలిసి మందగిస్తాయి. మళ్లీ కోలుకుంటాయి. మీ అర్థశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో సౌభాగ్యం, తిరోగమనం, మాంద్యం, పునరుద్ధరణ అని నాలుగు దశలు కనిపిస్తాయి. చక్రం అనే మాట విని ఇది గడియారంలా తిరుగుతుందని అనుకోకండి. ఒక చక్రం మూడేళ్లలో ముగియవచ్చు, మరొకటి పదేళ్లు సాగవచ్చు. చంద్రగ్రహణం తేదీ చెప్పినట్టు మాంద్యం తేదీ ముందుగా చెప్పగలిగినవారు ఇంతవరకు లేరు. అమెరికాలో ఈ దశలకు తేదీలు నిర్ణయించే జాతీయ ఆర్థిక పరిశోధన సంస్థ కూడా అంతా జరిగిపోయాకే చెబుతుంది. ఆ సంస్థ లెక్క ప్రకారం అక్కడి మాంద్యం 2007 డిసెంబరులో మొదలై 2009 జూన్‌లో ముగిసింది.

నార్వే దేశపు ఆర్థికవేత్త రాగ్నార్ ఫ్రిష్ 1933లో ఈ విషయాన్ని చక్కగా విడదీసి చూపాడు. పిల్లలు ఊగే కొయ్యగుర్రాన్ని కర్రతో కొడితే అది ఊగుతుంది. దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలియదు. కానీ ఊగే తీరు మాత్రం దెబ్బను బట్టి కాక గుర్రం తయారీని బట్టి ఉంటుంది. ఆర్థిక వ్యవస్థ కూడా అంతే. కరవు, యుద్ధం, బ్యాంకు పతనం వంటివి దెబ్బలు. ఆ దెబ్బ లోపల ఎలా పాకుతుందన్నది వ్యవస్థ నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. ఆర్థికశాస్త్రానికి నోబెల్ బహుమతి 1969లో మొదటిసారి ఇచ్చినప్పుడు దానిని పంచుకున్న ఇద్దరిలో ఫ్రిష్ ఒకరు.

ఒక దారం, రెండు లోలకాలు

ఇప్పుడు ఒక్క గుర్రం కాకుండా రెండు గుర్రాలను తాడుతో కట్టామనుకోండి. ప్రపంచీకరణ చేసేది అదే. దీన్ని ఇంట్లోనే ప్రయోగం చేసి చూడవచ్చు. రెండు కుర్చీల మధ్య ఒక దారం అడ్డంగా కట్టండి. మరీ బిగుతుగా వద్దు. ఆ దారానికి సమాన పొడవున్న రెండు లోలకాలు వేలాడదీయండి. సన్నని దారం, చివర ఒక బోల్టు ఉంటే చాలు. ఒకదాన్ని ఊపి రెండోదాన్ని ముట్టుకోకుండా వదలండి. కాసేపటికి రెండోది దానంతట అదే ఊగడం మొదలుపెడుతుంది. మొదటిది నెమ్మదిస్తుంది. శక్తి అడ్డదారం మీదుగా ఒకదాన్నుంచి రెండోదానికి వెళ్లింది. ఇప్పుడు రెండో లోలకాన్ని సగానికి కురచ చేసి మళ్లీ ప్రయత్నించండి. అది కొద్దిగా కదిలి ఊరుకుంటుంది. దారం అదే, మొదటి లోలకం అదే. మారింది రెండో లోలకపు పొడవు మాత్రమే.

అనునాదం గురించి భౌతికశాస్త్రంలో చదివినవారికి ఇందులో వింత కనిపించదు. మన విషయానికి దీనితో పని ఏమిటంటే, ఒక దేశపు ఒడిదుడుకులు మరో దేశానికి చేరాలంటే రెండు కావాలి. మధ్యలో దారం ఉండాలి, అవతలివైపు నిర్మాణం దానికి స్పందించేదై ఉండాలి. పోలిక ఇక్కడితో ఆపాలి. లోలకానికి ప్రభుత్వం ఉండదు, రిజర్వు బ్యాంకు ఉండదు, భయం ఉండదు. దేశాలకు ఇవన్నీ ఉంటాయి.

1930లో కూడా దారాలు ఉన్నాయి

ప్రపంచీకరణ అనగానే 1991 ఆర్థిక సంస్కరణలు గుర్తుకు వస్తాయి. కానీ కోస్తా తెలుగు జిల్లాలు అంతకు ముందే ప్రపంచ మార్కెట్టుతో ముడిపడి ఉన్నాయి. తూర్పు తీరపు రేవుల నుంచి వేలమంది బర్మా వెళ్లి రంగూన్ రేవులో ఓడలకు సరుకు ఎక్కించే, దించే పని చేసేవారు. కోరంగి రేవు పేరు మీద అక్కడివారు తెలుగువారిని కోరంగీలని పిలిచేవారు.

1929లో అమెరికాలో మొదలైన మహామాంద్యం మన దేశానికి సరుకుల ధరల రూపంలో వచ్చింది. 1928, 1934 మధ్య భారతదేశపు ఎగుమతులు, దిగుమతులు దాదాపు సగానికి పడిపోయాయి. గోధుమ ధర సగానికి తగ్గింది. బర్మాలో 1930 చివరికి బియ్యం ధర కుప్పకూలింది. ధర పడినా ప్రభుత్వం శిస్తు తగ్గించలేదు, షావుకారు వడ్డీ తగ్గించలేదు. అంతకు ముందు పది బస్తాలు అమ్మి తీర్చే బాకీకి ఇప్పుడు ఇరవై బస్తాలు కావలసి వచ్చింది. ధరల పతనంలోని అసలు ప్రమాదం ఇక్కడే ఉంది: ఆదాయం రూపాయల్లో తగ్గుతుంది, అప్పు మాత్రం రూపాయల్లో అలాగే ఉంటుంది.

రంగూన్‌లో 1930 మే నెలలో తెలుగు రేవు కార్మికులు కూలి పెంచమని సమ్మె చేశారు. సరుకు కాంట్రాక్టు కంపెనీలు వారి స్థానంలో బర్మా వారిని పనిలోకి తీసుకున్నాయి. సమ్మె పరిష్కారమై తెలుగువారు మళ్లీ పనిలోకి రాగానే బర్మా వారి పని పోయింది. మే 26న అల్లర్లు మొదలయ్యాయి. వందమందికి పైగా చనిపోయారు, వేలమంది రంగూన్ వదిలి పారిపోయారు. ఆ ఘర్షణకు మాంద్యం ఒక్కటే కారణమని నేను అనను. వలస పాలన, కాంట్రాక్టర్ల ఎత్తుగడ, అప్పటికే పేరుకున్న కోపం అన్నీ ఉన్నాయి. కానీ పని కరువైన కాలంలో ఇద్దరు పేదవాళ్లు ఒకే పని కోసం ఎదురెదురుగా నిలబడితే ఏమవుతుందో అది చూపింది. మాంద్యాన్ని అంకెల్లో మాత్రమే చదివేవారికి ఈ భాగం కనిపించదు.

ఒక ఇల్లు, ఐదు దారాలు

ఇక 2008కి వద్దాం. విదేశీ వ్యాపారం విలువ 1990లో మన దేశ ఉత్పత్తిలో 16 శాతం దరిదాపుల్లో ఉండేది. 2008 నాటికి ఎగుమతులు, దిగుమతులు కలిపితే అది సగం దాటింది. దారాలు బాగా బిగిశాయి.

లింగియాడీహ్‌లో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. పేర్లు అక్కర్లేదు, వరుసలు చాలు. నాన్న గూడ్సు బండి గార్డు. అన్నయ్య ఇంజనీరింగు చివరి ఏడాదిలో ఉన్నాడు, హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగం ఇస్తామని కాగితం ఇచ్చింది. మేనమామ విశాఖ రేవులో ఇనుప ఖనిజం ఎత్తించే కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తున్నాడు. చిన్నాన్న దుబాయిలో వెల్డరు. తాతయ్య శ్రీకాకుళం జిల్లాలో రెండెకరాల వరి పండిస్తాడు. ఇప్పుడు ఒక్కొక్కరికి ఏ దారిన ఏమి వచ్చిందో చూద్దాం.

అందరికంటే ముందు కదిలింది వీళ్లెవరికీ సంబంధం లేని డబ్బు. అమెరికాలో చిక్కుల్లో పడిన విదేశీ పెట్టుబడి సంస్థలు మన షేర్లు అమ్మి డాలర్లు తీసుకుపోయాయి. 2008 జనవరిలో 21 వేల స్థాయిని తాకిన సెన్సెక్స్ అక్టోబరులో 9 వేల కిందికి దిగింది. ఏడాది మొదట్లో డాలరుకు 40 రూపాయల లోపు ఉన్న మారకం ఏడాది చివరికి 50 దరిదాపులకు చేరింది. డబ్బు దారి అన్నిటికంటే వేగమైనది. ఓడకు వారాలు పడుతుంది, డబ్బుకు ఒక్క రోజు చాలు. రిజర్వు బ్యాంకు కూడా వేగంగానే స్పందించింది. అక్టోబరులో 9 శాతం ఉన్న రెపో రేటును 2009 ఏప్రిల్‌కల్లా 4.75 శాతానికి దించింది.

తరువాత సరుకుల వంతు. ఇక్కడ చాలామంది గమనించని ఒక మెలిక ఉంది. దేశాల మధ్య వ్యాపారంలో కొంత భాగం నమ్మకం మీద కాక బ్యాంకు కాగితం మీద నడుస్తుంది. కొనేవాడి బ్యాంకు ‘సరుకు పంపిన పత్రాలు చూపితే డబ్బు మాది పూచీ’ అని ఒక హామీ పత్రం ఇస్తుంది. దాన్ని చూసి అమ్మేవాడు ఓడ ఎక్కిస్తాడు. లేమాన్ పడిపోయాక ఏ బ్యాంకు నిలుస్తుందో ఎవరికీ తెలియలేదు, హామీ పత్రాన్ని నమ్మేవారు కరువయ్యారు. సరుకు ఉంది, కొనేవాడు ఉన్నాడు, ఓడ ఉంది. పూచీ లేదు. పెద్ద సరుకు ఓడల కిరాయిని కొలిచే బాల్టిక్ డ్రై సూచీ 2008 మే నెలలో 11,793తో రికార్డు సృష్టించి, డిసెంబరు 5న 663కి పడిపోయింది. కేవలం గిరాకీ తగ్గితే ఆరేడు నెలల్లో ఇంత పతనం రాదు. 2009లో ప్రపంచ సరుకుల వ్యాపారం పరిమాణంలో సుమారు 12 శాతం తగ్గింది. మన దేశపు ఎగుమతులు 2008 అక్టోబరు నుంచి దాదాపు ఏడాదిపాటు అంతకు ముందు ఏడాది కంటే తక్కువగానే ఉన్నాయి. కొన్ని నెలల్లో తగ్గుదల మూడో వంతు దాకా వెళ్లింది.

మేనమామ పని ఈ సరుకుతోనే. బస్తర్‌లోని బైలదిల్లా కొండల నుంచి ఇనుప ఖనిజం కిరండూల్–కొత్తవలస లైను మీదుగా విశాఖకు వస్తుంది. తూర్పు కనుమల్లో సొరంగాలు తవ్వి ఆ లైను 1960లలో వేయడానికి ప్రధాన కారణం జపాన్ ఉక్కు కంపెనీలకు ఖనిజం పంపే ఒప్పందం. మీరు అరకు వెళ్లేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని చూసే సొరంగాలు జపాన్ ఉక్కు గిరాకీ కోసం తవ్వినవేనని గుర్తుంచుకోండి. చాలాకాలం ఆ ఖనిజానికి ధర ఏడాదికి ఒకసారి మాట్లాడుకునేవారు. అది మంచి కుషను. రోజువారీ ఎగుడుదిగుళ్లు గని దాకా వచ్చేవి కావు, వచ్చినా ఆలస్యంగా వచ్చేవి. 2008లో ప్రపంచ ఒప్పంద ధరలు 65 శాతం, కొన్నిటికి అంతకంటే ఎక్కువ పెరిగాయి. 2009లో జపాన్ కంపెనీలు కుదుర్చుకున్న ధర సుమారు మూడో వంతు తగ్గింది. 2010లో ఆ ఏడాది ఒప్పందాల పద్ధతే పోయి, మార్కెట్టు ధరను అనుసరించే తక్కువ కాలపు ధరలు వచ్చాయి. కుషను తీసేశారు. 2011 తొలి నెలల్లో టన్ను 190 డాలర్లకు చేరిన ధర 2015 చివరికి 40 డాలర్ల కిందికి దిగింది.

అయితే రేవు పని ఎక్కువ కాలం ఆగలేదు. 2008 నవంబరులో చైనా ప్రభుత్వం 4 లక్షల కోట్ల యువాన్లతో రోడ్లు, రైళ్లు, ఇళ్లు కట్టే పథకం ప్రకటించింది. కట్టడాలకు ఉక్కు, ఉక్కుకు ఖనిజం. చైనా ఇనుప ఖనిజం దిగుమతి 2008లో 44 కోట్ల టన్నులు ఉండగా 2009లో 62 కోట్ల టన్నులు దాటింది. మన దేశపు ఖనిజం ఎగుమతి కూడా 2009-10లో తగ్గకపోగా పెరిగింది. చూశారా, అమెరికా పతనం ఒక దారం మీద వస్తే, చైనా ఊపు మరో దారం మీద వచ్చి దాన్ని కొంత ఆపింది. ఒక్క దేశంతోనే కట్టి ఉన్న రేవుకు ఈ అవకాశం ఉండదు.

రాయపూర్ దగ్గరి సిల్తరా, ఉర్లా వాడల్లోని స్పాంజ్ ఐరన్ మిల్లుల సంగతి వేరు. అవి ఎక్కువగా దేశంలోనే అమ్ముకుంటాయి. అయినా ఉక్కు ధర ప్రపంచమంతటా ఒకదాన్నొకటి అనుసరిస్తుంది కాబట్టి దెబ్బ తగిలింది. సరుకు సరిహద్దు దాటకపోయినా ధర దాటుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

అన్నయ్యకు వచ్చింది నిరీక్షణ. సాఫ్ట్‌వేర్ ఎగుమతులు అంతకు ముందు ఏటా 30 శాతం దరిదాపుల్లో పెరిగేవి. 2009-10లో ఆ పెరుగుదల ఐదారు శాతానికి పడింది. ఎగుమతి తగ్గలేదు, పెరగడం మందగించింది అంతే. కానీ కొత్త ఉద్యోగాలు పుట్టేది పెరుగుదల నుంచే. అందుకే లోపల ఉన్నవారి కంటే గుమ్మంలో నిలబడినవారికి ఎక్కువ దెబ్బ తగిలింది. ఆ బ్యాచుల్లో ఎంతోమంది చేతిలో కాగితం పెట్టుకుని నెలల తరబడి పిలుపు కోసం ఎదురుచూశారు. 2009 జనవరిలో బయటపడిన సత్యం కంప్యూటర్స్ వ్యవహారాన్ని దీనితో కలపకండి. అది ఖాతాల మోసం. అయితే హైదరాబాదులో రెండూ ఒకే కాలంలో వచ్చి పడ్డాయి.

చిన్నాన్నకు వచ్చిన దెబ్బ కాస్త ఆలస్యమైంది. దుబాయిలో కట్టడాలు అప్పుల మీద లేచాయి. 2009 నవంబరులో దుబాయ్ వరల్డ్ సంస్థ అప్పు తీర్చడానికి గడువు కావాలని అడిగే నాటికే ఎన్నో పనులు ఆగిపోయాయి. కరీంనగర్, నిజామాబాద్, శ్రీకాకుళం జిల్లాల నుంచి వెళ్లినవారిలో చాలామంది వెనక్కి వచ్చారు. దేశం మొత్తం మీద చూస్తే విదేశాల నుంచి వచ్చే డబ్బు 2008లో సుమారు 5,000 కోట్ల డాలర్లు, 2009లో దానికి కొంచెం తక్కువ. మొత్తం అంకె పెద్దగా కదలలేదు. సగటు అంకె ఎంత మోసం చేస్తుందో చూడండి. తిరిగివచ్చిన వెల్డరు ఇంట్లో తగ్గుదల రెండు శాతం కాదు, నూరు శాతం.

మరి నాన్న? ఆయన జీతం పెరిగింది. ఆరో వేతన సంఘం సిఫార్సులు 2008 ఆగస్టు చివర అమలులోకి వచ్చాయి. బకాయిల్లో 40 శాతం ఆ ఏడాదే, మిగిలిన 60 శాతం తరువాతి ఆర్థిక సంవత్సరంలో చేతికి వచ్చాయి. ప్రభుత్వం మాంద్యాన్ని ఊహించి చేసిన పని కాదిది. కానీ సరిగ్గా ప్రైవేటు గిరాకీ పడిపోయే వేళకు లక్షల ఇళ్లలో ఖర్చు పెట్టడానికి డబ్బు వచ్చింది. ఆయన బండి కూడా ఆగలేదు. కోర్బా బొగ్గు ప్రధానంగా దేశంలోని విద్యుత్ కేంద్రాలకు వెళుతుంది. దేశం మొత్తం బొగ్గు ఉత్పత్తి 2007-08లో 45.7 కోట్ల టన్నులు, మాంద్యపు ఏడాది 2008-09లో 49.3 కోట్ల టన్నులు. న్యూయార్కులో బ్యాంకు పడిపోయినా శ్రీకాకుళంలో ఫ్యాను తిరగాలి కదా.

తాతయ్య వరి చేనుకు లేమాన్ సంగతి పట్టలేదు. ఆయనను భయపెట్టింది 2009 నైరుతి రుతుపవనం. ఆ ఏడు దేశం మొత్తం మీద వర్షం సాధారణం కంటే 22 శాతం తక్కువ. 1972 తరువాత అంత తక్కువ వాన పడిన ఏడాది అది. ఈ దెబ్బ పూర్తిగా స్వదేశీ. ప్రపంచం కోలుకుంటున్నా వాన పడకపోతే ఆయన ఇంట్లో మాంద్యమే.

ఒకే ఇంట్లో ఐదుగురు, ఒకే రెండేళ్లు. ఐదు రకాల అనుభవాలు. ‘భారతదేశపు వృద్ధి రేటు ఆనాటి లెక్కల ప్రకారం 9 శాతం పైనుంచి 6.7 శాతానికి తగ్గింది’ అనే ఒక్క వాక్యంలో ఈ ఐదూ కలిసిపోయి ఉన్నాయి. (తరువాత లెక్క కట్టే పద్ధతి మారడంతో ఆ అంకెలూ మారాయి.)

పండితులు ఏమంటున్నారు?

వ్యాపారం పెరిగితే దేశాల చక్రాలు కలిసి తిరుగుతాయా, విడిపోతాయా? తర్కం రెండు వైపులా నడుస్తుంది. ఒకరికొకరు ఎక్కువ అమ్ముకుంటే ఒకరి గిరాకీ మరొకరికి చేరుతుంది కాబట్టి కలిసి తిరగాలి. కానీ వ్యాపారం పెరిగితే ప్రతి దేశమూ తనకు బాగా వచ్చిన పనిలోనే మునిగిపోతుంది. ఒకరు చమురు, ఒకరు కార్లు, ఒకరు సాఫ్ట్‌వేర్. అప్పుడు చమురు ధర పెరగడం ఒకరికి పండుగ, మరొకరికి కష్టం. ఈ రెండో వాదనను పాల్ క్రుగ్‌మన్ 1993లో ముందుకు తెచ్చాడు. మొదటిదానికి జెఫ్రీ ఫ్రాంకెల్, ఆండ్రూ రోజ్ 1998లో పారిశ్రామిక దేశాల మూడు దశాబ్దాల లెక్కలతో బలం చేకూర్చారు. అక్కడ ఎక్కువ వ్యాపారం ఉన్న దేశాల చక్రాలు ఎక్కువగా కలిశాయి.

నాకు వీటికంటే ఆసక్తిగా అనిపించేది అయహాన్ కోస్, క్రిస్టఫర్ ఒట్రోక్, ఈశ్వర్ ప్రసాద్ చేసిన పరిశీలన. వారు 106 దేశాలను తీసుకున్నారు. 1985 తరువాత సంపన్న దేశాల చక్రాలు తమలో తాము దగ్గరయ్యాయి. భారత్, చైనా వంటి ఎదుగుతున్న దేశాలవీ తమలో తాము దగ్గరయ్యాయి. కానీ ప్రపంచం మొత్తానికి ఉమ్మడిగా ఉండే కదలిక పాత్ర పెరగలేదు, తగ్గింది. అంటే ప్రపంచీకరణ అందరినీ ఒకే తాళానికి ఆడించలేదు. లోలకాల ప్రయోగంలో సమాన పొడవున్నవి కలిసి ఊగడం గుర్తు తెచ్చుకోండి.

ఇందులో ఒక జాగ్రత్త ఉంది. రెండు దేశాలు కలిసి పడిపోయినంత మాత్రాన ఒకదాన్నుంచి మరొకదానికి పాకిందని అనలేం. ఇద్దరినీ ఒకే పిడుగు కొట్టి ఉండవచ్చు. 2020 ఏప్రిల్–జూన్ త్రైమాసికంలో మన ఉత్పత్తి అంతకు ముందు ఏడాది కంటే నాలుగో వంతు దాకా తగ్గింది. ప్రపంచమంతా కూడా అదే కాలంలో కుంగింది. అది ప్రధానంగా దారాల మీదుగా వచ్చింది కాదు, కరోనా అనే ఉమ్మడి దెబ్బ. దీనికి పూర్తిగా ఎదురుగా 2013ను చూడండి. మే 22న అమెరికా కేంద్ర బ్యాంకు అధిపతి బెన్ బెర్నాంకీ బాండ్ల కొనుగోలు ముందుముందు తగ్గించవచ్చని అన్నాడు. ఎక్కడా ఫ్యాక్టరీ మూతపడలేదు, పంట ఎండలేదు. అయినా ఆగస్టు చివరికి డాలరు 55 రూపాయల స్థాయి నుంచి 68 దాటింది. అది పూర్తిగా డబ్బు దారిన వచ్చిన దెబ్బ. అప్పటికి మన విదేశీ చెల్లింపుల లోటు పెద్దదిగా ఉండటం వల్లనే అంత గట్టిగా తగిలింది.

బొగ్గు బండి మళ్లీ

2008లో బొగ్గు బండి క్షేమంగా వెళ్లిందన్నాను. దాన్ని బట్టి బిలాస్‌పూర్ ప్రపంచ చక్రానికి అందని ఊరు అనుకుంటే పొరపాటు. 2020లో ఆస్ట్రేలియా న్యూకాజిల్ రేవు బొగ్గు టన్ను 50 డాలర్ల దరిదాపుల్లో ఉండేది. కరోనా తరువాత పరిశ్రమలు ఒక్కసారిగా తెరుచుకోవడం, 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలవడంతో అది మార్చిలో 400 డాలర్లు దాటింది. మన దేశం 2021-22లో దాదాపు 78 కోట్ల టన్నుల బొగ్గు సొంతంగా తవ్వుకుని, 21 కోట్ల టన్నులు దిగుమతి చేసుకుంది. తీరంలో దిగుమతి బొగ్గు మీదే నడిచేలా కట్టిన విద్యుత్ కేంద్రాలు సుమారు 17,600 మెగావాట్లు ఉన్నాయి. ఆ ధరకు కొని, ముందే కుదిరిన రేటుకు కరెంటు అమ్మితే నష్టం. కాబట్టి వాటిలో చాలా కేంద్రాలు ఉత్పత్తి తగ్గించుకున్నాయి.

అదే సమయంలో ఎండలు ముదిరాయి. ఏప్రిల్ 29న దేశపు విద్యుత్ గిరాకీ 2,07,111 మెగావాట్లతో అప్పటికి రికార్డు స్థాయికి చేరింది. తీరంలోని కేంద్రాలు ఇవ్వని కరెంటు లోపలి కేంద్రాలు ఇవ్వాలి. వాటికి బొగ్గు కోర్బా వంటి గనుల నుంచి రావాలి. బొగ్గు వ్యాగన్లకు దారి ఇవ్వడానికి రైల్వే ప్రయాణికుల బండ్లను వందల ట్రిప్పుల మేరకు రద్దు చేసింది. ఆగ్నేయ మధ్య రైల్వే పరిధిలో ఆ రద్దులు ఎక్కువగా కనిపించాయి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. మే 5న కేంద్ర విద్యుత్ శాఖ దిగుమతి బొగ్గు కేంద్రాలు పూర్తి సామర్థ్యంతో నడవాలని ఆదేశించింది.

ఇప్పుడు గొలుసును వెనక్కి చదవండి. బిలాస్‌పూర్‌లో పరీక్షకు వెళ్లవలసిన విద్యార్థి బండి రద్దయింది. బొగ్గు బండికి దారి కావాలి కాబట్టి. తీరంలో యంత్రాలు మెల్లగించాయి కాబట్టి. న్యూకాజిల్ ధర ఎనిమిది రెట్లయింది కాబట్టి. కోర్బా బొగ్గు ఒక్క టన్ను కూడా విదేశానికి పోనక్కర్లేదు. ఒక సరుకుకు బదులు మరొకటి వాడే వీలుంటే చాలు, దారం కట్టుకున్నట్టే. మాంద్యం మాత్రమే కాదు, ఊపు కూడా ఇలా కష్టం తెచ్చిపెట్టగలదు. 2008లో ప్రపంచం పడిపోతున్నప్పుడు ఆగని బొగ్గు బండి, 2022లో ప్రపంచం కోలుకుంటున్నప్పుడు ప్రయాణికుల బండిని పక్కకు నెట్టింది.

మీరు చేయదగిన పని ఒకటి చెబుతాను. మన దేశపు నెలవారీ ఎగుమతుల అంకెలు వాణిజ్య శాఖ, రైల్వేలో సరుకు ఎత్తిన టన్నుల అంకెలు రైల్వే శాఖ ప్రకటిస్తాయి. 2007 ఏప్రిల్ నుంచి 2010 మార్చి దాకా 36 నెలలకు రెండూ సేకరించండి. ప్రతి నెలనూ అంతకు ముందు ఏడాది అదే నెలతో పోల్చి, పెరుగుదల శాతాలను ఒకే గ్రాఫు కాగితం మీద రెండు రంగుల్లో గీయండి. రెండు గీతలూ ఎక్కడ కలిసి దిగాయి, ఎక్కడ విడిపోయాయి, ఏది ముందు కదిలింది అన్నది చూడండి. తరువాత రైల్వే సరుకులో బొగ్గును విడిగా తీసి, ఖనిజాన్ని విడిగా తీసి మళ్లీ గీయండి. ఈ రెండో గ్రాఫును మొదటి దాని పక్కన పెట్టి పోల్చండి.